రెక్కలపై వచ్చే పిడుదు

వానకాలం ముగిసేసరికి గుజరాత్ పొలాలపై గులాబి గోరువంకలు గుంపులు గుంపులుగా వాలుతాయి. మధ్య ఆసియా గడ్డిమైదానాలలో పుట్టిన ఈ పక్షులకు దేశాల సరిహద్దులు అడ్డురావు. ఇటువంటి వలసపక్షులలో ఏదో ఒకదాని కంటి చుట్టో, ముక్కు మూలనో నువ్వుగింజకన్నా చిన్న ప్రయాణికుడొకడు అంటిపెట్టుకుని ఉండవచ్చు. పశువుల ఒంటిపై మనం చూసే పిడుదుల జాతిదే ఆ జీవి.

పిడుదు ఎగరలేదు, దూకలేదు. గడ్డిపరక కొసన కాచుకుని, దారిన పోయే ప్రాణిని పట్టుకొంటుంది. పట్టు దొరికిన తరువాత కొన్ని రోజులపాటు కదలక రక్తం త్రాగుతుంది. ఆ వ్యవధిలో పక్షి వందల మైళ్లు పోగలదు. కడుపు నిండిన పిడుదు ఎక్కడ రాలితే అదే దాని కొత్త ఊరు.

అమెరికాలో లైమ్ వ్యాధికి కారణమైన బాక్టీరియాను విల్లీ బర్గ్‌డార్ఫర్ బృందం 1982లో ప్రకటించింది. గుడ్డు నుండి వెలువడిన ఆరుకాళ్ల పిడుదు పిల్లలో ఈ బాక్టీరియా సాధారణంగా ఉండదు. తొలి భోజనంతో అది సంక్రమిస్తుంది. ఆ భోజనం ఎలుకది కావచ్చు, నేలపై పురుగులు ఏరుకునే కొన్ని జాతుల పక్షులది కావచ్చు. కనుక పక్షి ఒకచోట వాహనం మాత్రమే. మరొకచోట రోగానికి ఆశ్రయం కూడా. ఈ కుటుంబానికే చెందిన బాక్టీరియా ఉత్తర, దక్షిణ గోళార్ధాలు రెండింటిలోనూ సముద్రపక్షుల పిడుదులలో ఉన్నట్లు స్వీడన్ శాస్త్రజ్ఞులు 1995లో వెల్లడించారు.

మన దేశంలోనూ పక్షులపై అనుమానం కలిగిన సందర్భం ఒకటున్నది. 1957లో మైసూరు రాష్ట్రంలోని క్యాసనూరు అడవిలో కోతులు చనిపోయాయి. పరిసర గ్రామాల ప్రజలు జ్వరపడ్డారు. కారణం బాక్టీరియా కాదు, పిడుదులు మోసే వైరస్. అది సైబీరియా వైరస్‌కు బంధువు కావడంతో, వలసపక్షులే తెచ్చాయేమోనన్న ప్రశ్న పుట్టింది. 1959లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సహాయంతో సలీం అలీ నాయకత్వాన బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పక్షుల కాళ్లకు ఉంగరాలు తొడిగే పని చేపట్టింది. వలసదారుల గురించి ఎంతో తెలిసింది. ఆ నేరం మాత్రం రుజువు కాలేదు.

వచ్చినవాడిని అనుమానించడం తేలిక. తెలంగాణ జిల్లాల నుండి వలస వచ్చిన నేతపనివారు అనేకులు స్థిరపడిన లింబాయత్‌కు ఈ మాట వివరించనక్కరలేదు. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వార్త పుట్టగానే లక్షలాదిమంది నగరం విడిచిపోయారు. వారు దిగిన ప్రతి స్టేషనూ వారిని భయంతో చూసింది. ప్లేగూ బాక్టీరియా వ్యాధే. దానిని మోసేది ఎలుకలపైని మిన్నల్లి. 1995లో కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో నగరం చెత్త ఎత్తి, కాలువలు శుభ్రపరచి ఖ్యాతి గడించింది. దానిని మార్చినది ప్రయాణికుల బహిష్కారం కాదు, నేల శుద్ధి.

పిడుదుల విషయమూ ఇంతే. తగిన తేమ, తగిన జంతువులు లేనిచోట రాలిన పిడుదు సాధారణంగా నశిస్తుంది. మన దేశంలో పిడుదుల వలన వచ్చే మచ్చల జ్వరానికి ముఖ్యంగా జాగ్రత్తపడవలసినది పెంపుడు కుక్క విషయంలో, ఆకాశంలోని కొంగ విషయంలో కాదు. ఒంటిపై పిడుదు కనిపిస్తే కాల్చక, కిరసనాయిలు పోయక, పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగివేయాలి. ఆపైన జ్వరమో దద్దురో వస్తే ఆ సంగతి వైద్యునికి చెప్పాలి. గోరువంకలను మాత్రం వాటి దారిన పోనివ్వవచ్చును.