వెనిస్‌కు టికెట్టు

ఊళ్లో అడుగుపెట్టాలంటే టికెట్టు! పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయే యాత్రికుల నుంచి రద్దీ రోజుల్లో 5 యూరోలు వసూలు చేయడం 2024 ఏప్రిల్ 25న వెనిస్ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది, ఆలస్యంగా బుక్ చేసుకున్నవారికి దాన్ని 10 యూరోలు చేసింది. 1950ల మొదట్లో పాత నగరంలో సుమారు 1,75,000 మంది ఉండేవారు. ఇప్పుడు 50 వేలు కూడా లేరు. కాపురాల ఇళ్లు పర్యాటకుల బసలయ్యాయి. కూరగాయల కొట్లు పోయి మాస్కుల దుకాణాలు వెలిశాయి. రియాల్టో వంతెన మీద సెల్ఫీల గుంపును తప్పించుకుంటూ సంచీతో ఇల్లు చేరే ముసలమ్మకు ఈ రుసుము ఒరగబెట్టేదేమిటి? ఊరు నిలవాలంటే టికెట్టు చాలదు, అద్దె బసలకు హద్దు పెట్టాలి. ఊరంటే బొమ్మల కొలువు కాదు, మనుషులు కాపురముండే చోటు.