నాలుగో వంతుకు తెచ్చినామని మీసం తిప్పకండి

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు మా నాయన దగ్గర ఇంట్లో నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి, విషయాన్ని మాత్రం వదలకండి.

పోయిన వారం మన గ్రూపులో ఒక సభ్యుడు మొరాకో టూరు ఫోటోలు పెట్టినారు. ఇత్తడి దీపం, తోలు చెప్పులు, ఒక కంబళి. కింద రాసినారు: "వాడు 800 చెప్పినాడు, 200కే ఇచ్చినాడు. మన దగ్గరా వాడి ఆట!" దానికి ఎన్ని చప్పట్లు! ఇంకొకరు, "అక్కడ ఏది అడిగినా నాలుగో వంతు నుంచి మొదలుపెట్టండి" అని రూలే రాసేసినారు. ఆ చప్పట్లు చూసి నాకు కోపం వచ్చింది.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. మా అబ్బాయి స్పెయిన్‌లో ఉద్యోగం చేస్తాడు. వాడి దగ్గరికి పోయినప్పుడు ఓడ ఎక్కి టాంజియర్ దాటి, రైల్లో మర్రాకేష్ పోయినాము. ఏళ్ళ తరబడి టికెట్ కౌంటర్ వెనక కూర్చున్నవాణ్ణి. నాకు ధర అంటే అచ్చేసిన అంకె. అట్లాంటివాణ్ణి జెమా ఎల్ ఫ్నా మైదానం వెనక సందుల్లో పడినాను. ఒక శాలువా చూపి "కాక్టస్ పట్టు" అన్నాడు. 400 దిర్హాములు చెప్పినాడు. అప్పుడు దిర్హాము అంటే సుమారు తొమ్మిది రూపాయలు. గ్రూపులో చెప్పిన రూలే పాటించి 120కి తెచ్చినాను. చాలా పొంగిపోయినాను. రాత్రి రూములో నా భార్య దాన్ని వేళ్ళతో తడిమి, "ఇది రేయాన్ కదండీ" అన్నది. ఆమె మగ్గం ఉన్న ఇంట్లో పుట్టింది. ఇప్పుడు చెప్పండి, ఆ బేరంలో గెలిచింది ఎవరు?

వాడు మోసం చేసినాడనే అంటారు. నిజమే, చేసినాడు. కాని ఆ మోసానికి ఆర్డరు ఇచ్చింది మనమే. వచ్చే ప్రతివాడూ నాలుగో వంతే ఇస్తాడని తెలిసిన అంగడివాడు నాలుగింతలు చెప్పక ఏం చేస్తాడు? ఆ నాలుగో వంతులోనే అద్దె పోవాలి. మనల్ని తెచ్చిన గైడుకు కమీషను పోవాలి. అవి తగ్గవు. తగ్గేది రెండే: సరుకు నాణ్యం, చేసినవాడి కూలి.

ఆ చేసినవాణ్ణి చూడాలంటే ఫెస్ పోండి. చౌవారా తోలు గుంతలను పైనుంచి చూపిస్తారు. వాసన తట్టుకోలేమని చేతిలో పుదీనా రెమ్మ పెడతారు. కింద మనుషులు తొడల దాకా ఆ గుంతల్లో దిగి తోళ్ళు తొక్కుతుంటారు. తోలు మెత్తబడేదానికి సున్నం నీళ్ళు, పావురాల రెట్ట వాడతారు. మనం ముక్కు మూసుకొని ఫోటో తీసుకొని, పక్క అంగట్లో ఆ తోలు చెప్పులకే ఇరవై దిర్హాములు తగ్గించమని అరగంట వాదిస్తాము. అదే ఊర్లో సెఫ్ఫరీన్ చౌకులో రాగి పాత్రలు కొట్టేవాళ్ళ సుత్తి చప్పుడు దూరం నుంచే వినిపిస్తుంది. ఆ సుత్తి దెబ్బలకు నాలుగో వంతు లెక్క ఎట్ల కడతారు?

కంబళి సంగతి ఇంకా ఘోరం. అట్లాస్ కొండల్లో నేసేది ఎక్కువగా ఆడవాళ్ళు, ఇంట్లో మగ్గం మీద. అమ్మేది పట్నంలో మగవాళ్ళు. ఒక పెద్ద కంబళికి నెలలు పడుతుంది. 2023 సెప్టెంబరు 8న వచ్చిన భూకంపంలో దాదాపు మూడు వేల మంది చచ్చిపోయింది ఆ కొండల చుట్టుపక్కలే. మనం బేరం ఆడేది అంగడివాడితో. దాని దెబ్బ తగిలేది మన కంటికి కనిపించని ఆ ఆడమనిషికి.

ఈ కథ మనకు కొత్తా? మన సంఘంలో సగం మంది తాతలు మగ్గం గుంతలో కూర్చున్నవాళ్ళే. షావుకారు చీరను వెలుతురుకు పట్టి, లేని తప్పు వెతికి, కూలి కోసినాడని మన ఇండ్లలో ఎన్నిసార్లు వినలేదు? తరవాత పవర్‌లూమ్ చీర వచ్చి కాంచీపురం పేరుతోనే అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళు "చవకగా దొరికింది" అని మురిసినారు. అప్పుడు మనం ఏడ్చినాము. ఇప్పుడు మనమే ఆ షావుకారు కుర్చీలో కూర్చుని ఫోటోలు పెడుతున్నాము.

బేరం వద్దని నేను అనలేదు. అక్కడ బేరం మర్యాదే. పుదీనా టీ పోసి, నవ్వుతూ మాట్లాడతారు. అడిగినంత ఇచ్చి రమ్మనీ చెప్పను. నేను చెప్పేది ఇంతే:

ఒకటి, మర్రాకేష్‌లో మొహమ్మద్ ఐదు పేరున్న రోడ్డు మీద ప్రభుత్వం నడిపే ఆన్సాంబుల్ ఆర్టిజనాల్ ఉంది. ధరలు రాసి పెట్టి ఉంటారు, పనివాళ్ళు ఎదురుగానే పని చేస్తుంటారు. ముందు అక్కడికి పోండి. ఏది ఎంత అని తెలుస్తుంది.

రెండు, గైడు తీసుకుపోయే అంగట్లో కొనకండి. టీ తాగినందుకు మాత్రం కొనాలని లేదు.

మూడు, చేసేవాడి దగ్గరే కొనే వీలుంటే అక్కడే కొనండి.

నాలుగు, ఆ వస్తువు మీకు ఎంత విలువో ముందే మనసులో అనుకోండి. అంతకు కుదిరితే తీసుకోండి, లేకుంటే దండం పెట్టి వచ్చేయండి. వాడు సరేనన్నాక వద్దని లేచి రావడం మర్యాద కాదు.

ఐదు, పది చిల్లర వస్తువులకంటే ఒక్క మంచి వస్తువు తెచ్చుకోండి.

ఆ రేయాన్ శాలువా ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఎవరైనా బేరం గొప్పలు మొదలుపెడితే దాన్నే తీసి చూపిస్తాను. ఇకమీదట గ్రూపులో ఫోటో పెట్టేవాళ్ళు ఎంత తగ్గించినారో రాయకండి. దాన్ని చేసింది ఎవరు, ఎట్ల చేసినారు, అది రాయండి. ఒప్పుకోనివాళ్ళు కింద రాయండి, జవాబు చెప్తాను.