'అవార్డు సినిమా' అనే హెచ్చరిక

తెలుగునాట 'అవార్డు సినిమా' అన్న మాట ప్రశంస కాదు, హెచ్చరిక. ఆ మాట చెవిన పడగానే టికెట్టు కొనబోయినవాడు చేయి వెనక్కు తీసుకుంటాడు. 1954లో మొదలైన జాతీయ చలనచిత్ర పురస్కారాలు ఆశించినది ఇది కాదు. ప్రేక్షకుని అభిరుచిహీనతే ఇందుకు కారణమని విమర్శకులు తేల్చివేస్తారు. ఆ నింద చరిత్ర ముందు నిలువదు.

సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' 1955 ఆగస్టులో కలకత్తాలో విడుదలైంది. తొలిరోజుల్లో జనం పలుచన. చూసినవారు చెప్పగా చెప్పగా హాళ్లు నిండాయి. కాన్ చిత్రోత్సవ గౌరవం దక్కినది మరుసటి ఏడాది. అనగా విదేశీ న్యాయనిర్ణేతల కంటె ముందే కలకత్తా సామాన్యుడు దానిని గుర్తించాడు. 1980లో విడుదలైన కె. విశ్వనాథ్ 'శంకరాభరణం' సంగతీ అంతే. పేరుమోసిన కథానాయకుడు లేడు. ప్రధానపాత్ర వయసు మళ్లిన సంగీత విద్వాంసుడు. (ఆ పాత్రధారి జె.వి. సోమయాజులు రెవెన్యూ శాఖాధికారి కావడం మావంటి ఉద్యోగులకు ఒకింత గర్వకారణం.) మొదట ఖాళీ కుర్చీలు, పిమ్మట నోటిమాట, ఆపైన జనప్రవాహం. రాగాల పేర్లు తెలియనివారు సైతం ఆ పాటలు పాడుకున్నారు. స్వర్ణకమలం తరువాతి ముచ్చట.

మరి విమర్శకుని ప్రశంసకు ఈ దుర్గతి ఎందుకు పట్టింది? 'సంయమనంతో కూడిన కథనం' అంటే నత్తనడక అనీ, 'నిరాడంబర చిత్రణ' అంటే పాటలు లేవనీ, 'సాహసోపేతమైన ముగింపు' అంటే కథ మధ్యలో ఆగిపోతుందనీ ప్రేక్షకుడు అనువదించుకుంటాడు. అనుభవం నేర్పిన అనువాదమది. చీకటిలో కూర్చున్న ఆ రెండు మూడు గంటలు తనకేమైనదో, గొంతు పూడుకుపోయిందో, నవ్వు ఆగలేదో విమర్శకుడు చెప్పడు. అతడు వ్రాసేది మరొక విమర్శకుని కోసం. ఒకనాటి కూలి ఖర్చుచేసి కుటుంబాన్ని వెంటబెట్టుకు వెళ్లేవాడు అడిగేది 'పిల్లలతో చూడవచ్చునా? మనసుకు పట్టుతుందా?' అని. ఇవి అల్పమైన ప్రశ్నలు కావు. వసూళ్లను బట్టి విలువ కట్టమని నేననడం లేదు. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పమంటున్నాను.

ప్రభుత్వోద్యోగిగా మా వంతు తప్పు కూడా ఒప్పుకోవాలి. 1980వ దశకంలో దూరదర్శన్ ఆదివారం మధ్యాహ్నాలు వివిధ భారతీయ భాషల పురస్కార చిత్రాలను ప్రసారం చేసేది. ఉద్దేశం ఉదాత్తం. మలయాళమో, అస్సామీయో వినిపిస్తుండగా తెర అడుగున కనిపించినవి ఇంగ్లీషు అక్షరాలు! ఆ అక్షరాలు చదవలేని ఇల్లాలు లేచి వంటింటిలోకి వెళ్లిపోతే, ఆమెకు అభిరుచి లేదని వ్రాసుకున్నాము.