పెద్ద కొనుగోళ్లకు బ్యాంకు డ్రాఫ్టు

మిరపకాయలు అమ్ముడుపోయి, పత్తి లెక్కలు తేలి, మామిడితోటల బేరములు ముగిసిన పిమ్మట మన తిరువూరు ప్రాంతపు రైతుచేతిలో ఏటికొక్కమారు కొంత పెద్దమొత్తము నిలుచును. ఆ సొమ్ముతోనే ట్రాక్టరు కొనుటయో, పొరుగుననున్న పొలము రిజిస్టరు చేయించుకొనుటయో జరుగుచుండును. సంవత్సరము పొడుగున ఎండకు వానకు ఓర్చి కూడబెట్టిన దానిని ఒక్క గడియలో పరులచేతిలో పెట్టవలసిన సమయమది. ఆ గడియయందు వహింపవలసిన జాగ్రత్తను గూర్చి సభ్యులకు నాలుగు మాటలు మనవిచేయుట మా విధియని తలంచుచున్నాము.

ఇటీవల ఒక సభ్యుడు మమ్ము ఇట్లు ప్రశ్నించెను: "నా సొమ్ము నాచేతిలో నుండగా, బ్యాంకునకు కమిషనిచ్చి ఒక కాగితము కొనుట యెందులకు?" ప్రశ్న సమంజసమైనదే. ఆ కాగితము చేయు మేలేమో, చేయలేని మేలేమో తెలిసికొనినగాని దీనికి సమాధానము దొరకదు.

చెక్కు అనునది ఇచ్చువాని మాట. వాని ఖాతాలో సొమ్మున్న చెల్లును, లేకున్న తిరిగివచ్చును. డ్రాఫ్టు అట్టిది కాదు. బ్యాంకు మొదట మన ఖాతానుండి సొమ్ము తీసికొని, పిమ్మట ఫలానివానికి ఇంత చెల్లింపుమని తన వేరొక శాఖకు ఆజ్ఞ వ్రాయును. వెనుకటి వర్తకుల దర్శని హుండీ నెరిగిన పెద్దలకు ఇది క్రొత్తగా తోచదు. కనుకనే అమ్మువాడు చెక్కుకన్న డ్రాఫ్టును నమ్మును. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టము దీనికి ఆధారము.

నగదు మోసికొనిపోవుటలో గల ప్రమాదము మన ఊరివారికి వేరుగ చెప్పనక్కరలేదు. తిరువూరు తెలంగాణ సరిహద్దున నున్నది. విజయవాడనుండి జగదల్పూరునకు పోవు 30వ నెంబరు జాతీయ రహదారి మన ఊరిమీదుగా పోవుచున్నది. బస్సులో సంచి పోగొట్టుకొన్నవాడు ఎవరిని అడుగగలడు? ఎన్నికల నియమావళి అమలులో నుండు దినములలో 50,000 రూపాయలకు మించిన నగదుతో సరిహద్దు దాటువాడు, అది ఎక్కడిదో కాగితములతో చూపవలసియుండును. అదిగాక, ఒక వ్యవహారమునకు గాని, ఒకే దినమున ఒకేవ్యక్తినుండి గాని 2 లక్షల రూపాయలు మొదలు ఆపై మొత్తమును నగదుగా పుచ్చుకొనరాదని ఆదాయపు పన్ను చట్టము 2017 ఏప్రిల్ 1వ తేదీనుండి నిషేధించినది. పుచ్చుకొన్నవానికి ఆ మొత్తమంతయు జరిమానాగా పడవచ్చును. కాబట్టి పెద్ద కొనుగోలు నగదుతో చేయుట నేడు అవివేకమే గాక, చాలసందర్భములలో చట్టవిరుద్ధము కూడ.

అయితే సభ్యులు ముఖ్యముగా గమనింపవలసిన సంగతి వేరొకటి యున్నది. డ్రాఫ్టు సొమ్మును కాపాడును గాని బేరమును కాపాడదు. దొంగ దానిని అపహరించినను, గీతలు గీసి పేరు వ్రాసియున్నందున సులభముగా మార్చుకొనలేడు. కాని దానిని మన చేతులతో అమ్మువానికి ఇచ్చిన పిమ్మట, "సరకు బాగులేదు, చెల్లింపు నాపుడు" అని బ్యాంకును కోరిన లాభము లేదు. చెక్కు మన మాట గనుక దానిని మనము ఆపవచ్చును. డ్రాఫ్టు బ్యాంకు మాట. పుచ్చుకొన్నవానికి ఆ మాట తప్పుట బ్యాంకునకు సాధారణముగా వీలుపడదు. "బ్యాంకుద్వారా ఇచ్చితిమి గదా, భయమేమి?" యని సరకు చూడకమునుపే డ్రాఫ్టు అందజేయువాడు నగదిచ్చినవానితో సమానుడే. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొని ప్రయోజనమేమి?

కావున మా అభిప్రాయమిది: డ్రాఫ్టు ముందుగా తీయవలయును, కడపట ఇయ్యవలయును. ట్రాక్టరు విషయమున బిల్లుమీది ఛాసిస్ నెంబరు, ఇంజను నెంబరు బండిమీది నెంబర్లతో సరిపోల్చుకొని, కాగితములు చేతికి వచ్చినప్పుడే దానిని ఇయ్యవలయును. పొలము విషయమున ఇ.సి. తీయించి, అప్పులు తనఖాలు లేవని తెలిసికొని, సబురిజిస్ట్రారు కార్యాలయమున అమ్మువాడు సంతకము చేయునపుడు ఇయ్యవలయును. డ్రాఫ్టు నెంబరు, తేదీ, బ్యాంకు పేరు, మొత్తము దస్తావేజులోనే వ్రాయించవలయును. రేపు వారసులు వచ్చి సొమ్ము ముట్టలేదని వాదించినచో ఆ పంక్తియే మనకు సాక్షి.

డ్రాఫ్టుపై వ్రాయించు పేరు మరింత ముఖ్యము. కంపెనీకి ఇయ్యవలసినది కంపెనీ పేరనే ఉండవలయును. బేరము కుదిర్చిన మధ్యవర్తి పేరనో, దుకాణమున మాటలాడిన గుమాస్తా పేరనో తీయరాదు. 20,000 రూపాయలు మొదలు ఆపై డ్రాఫ్టులు పేరుగలవాని ఖాతాలో మాత్రమే జమపడునట్లు గీతలతో ఇయ్యవలయుననియు, 50,000 రూపాయలు మొదలు ఆపై డ్రాఫ్టులు నగదుకు గాక ఖాతానుండియే తీయవలయుననియు రిజర్వు బ్యాంకు నిబంధనలు. 2018 సెప్టెంబరు 15 నుండి తీసినవాని పేరుకూడ డ్రాఫ్టుపై అచ్చగుచున్నది. ఇది మనకు మంచి ఆధారము.

డ్రాఫ్టునకు గడువు మూడు నెలలు. 2012 ఏప్రిల్‌కు ముందు ఆరు నెలలుండెడిది. పాత లెక్కను నమ్ముకొని పెట్టెలో దాచరాదు. బేరము చెడినచో అసలు కాగితమును బ్యాంకునకు తిరిగియిచ్చి రద్దు చేయించుకొనిన, రుసుము పోగా సొమ్ము ఖాతాకు వచ్చును. పోయినచో ఆ దినమే బ్యాంకునకు వ్రాతమూలకముగా తెలుపవలయును. తగిన కాగితములతో కోరిన పక్షమునకు లోపల నకలు డ్రాఫ్టు ఇయ్యవలయునని నిబంధన. ఈ పనులన్నిటికి నెంబరు కావలయును గనుక, ఇంటినుండి బయలుదేరుటకు పూర్వమే ఒక జిరాక్సు ప్రతి తీసియుంచుట మరువరాదు.

ఇక రైతు అమ్మువాడైనప్పటి సంగతి. పాత ట్రాక్టరునకో, పాడిపశువులకో, తోటకాపునకో ఎన్నడు ఎరుగని మనిషి డ్రాఫ్టు తెచ్చినచో, దానిని చూచి మురియరాదు. దొంగడ్రాఫ్టులు అచ్చువేయువారు కలరు. తాడి తన్నువాని తల తన్నువాడుండును. దానిపై అచ్చయిన ఫోను నెంబరును నమ్మక, మన బ్యాంకువారిద్వారా విచారించవలయును. సొమ్ము నిజముగా వసూలైనదని బ్యాంకు చెప్పినదాక సరకు కదలనీయరాదు. బేరమైన మొత్తముకన్న ఎక్కువకు డ్రాఫ్టు తెచ్చి "మిగిలినది నగదుగా ఇమ్ము" అనువాని విషయమున మరింత మెలకువ వలయును. అట్టివాడు సరకుతోపాటు మన నగదునుకూడ కొనిపోవుటకే వచ్చినవాడు కావచ్చును.

"ఆర్.టి.జి.ఎస్. ఉండగా డ్రాఫ్టేల?" అని చదువుకొన్న మన పిల్లలు అడుగుదురు. 2 లక్షలు మొదలు ఆపై మొత్తములను ఆ మార్గమున పంపవచ్చును; 2020 డిసెంబరునుండి అది రేయింబవళ్లు పనిచేయుచున్నది. ఎరిగిన కంపెనీకి, సరిచూచిన ఖాతాకు పంపుటకు అంతకన్న సుళువైనది లేదు. కాని సొమ్ము వెళ్లిన పిమ్మట పత్రములకై మనము ఎదురుచూడవలసియుండును. డ్రాఫ్టయినచో పత్రములు వచ్చువరకు మన జేబులోనే యుండును. ముఖపరిచయము లేనివానితో, ముఖ్యముగా భూమి బేరములలో, ఆ భేదము విలువైనది. మన సభ్యుని ప్రశ్నకు ఇదియే మా సమాధానము: కమిషను కాగితమునకు కాదు, ఆ నిలుపుదలకు.

2022 వరకు మన తిరువూరు కృష్ణాజిల్లాలోనిదే, పిమ్మట ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. ఆ కృష్ణాజిల్లా మచిలీపట్టణముననే భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో ఆంధ్రాబ్యాంకును స్థాపించిరి. 2020 ఏప్రిల్ 1న అది యూనియను బ్యాంకులో విలీనమైనను, ధాన్యపు గాదెలలోను గోడగూళ్లలోను దాగిన సొమ్మును బ్యాంకు గడపకు తెచ్చిన ఆ కాలపువారి కృషి మరువరానిది. గడప దాటించుట పెద్దలు చేసిరి. గడపలోపల మెలకువగా మెలగుట నేర్పవలసిన భారము నేటి సహకార సంఘములది.

కనుక ప్రతి సంఘకార్యాలయమునందును, పెద్ద కొనుగోలునకు పోవు సభ్యుని కాగితములను కార్యదర్శి ఒక్కమారు చదివి చూచు ఏర్పాటుండవలయునని మా కోరిక. అందులకు ఖర్చు లేదు, అరగంట చాలును. సభ్యులును సిగ్గుపడక అడుగవలయును. అడిగినందువలన పోవునదేమియు లేదు. అడుగనందువలన ఒక సంవత్సరపు పంట పోవచ్చును.