మనం ఇక్కడికెందుకొచ్చాం?

డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పెరుగుతున్న తెలుగు పిల్లలు ఏదో ఒకరోజు ఈ ప్రశ్న అడుగుతారు. ఎక్కువ ఇళ్లలో దానికి ఒక్క ముక్కలో జవాబు వస్తుంది: నాన్న ఉద్యోగం కోసం, నీ చదువు కోసం. అందులో అబద్ధమేమీ లేదు, కానీ కథ కూడా లేదు. ఊళ్లో ఎవరిని వదిలి వచ్చారో, ఏ అప్పు తీర్చాలని వచ్చారో, మొదటి చలికాలం ఎలా గట్టెక్కారో, అప్పుడు ఎవరు ఆదుకున్నారో ఆ పిల్లలకు తెలియదు. వలస మీద వచ్చిన మంచి బొమ్మల పుస్తకాలను కొంతకాలంగా వెతికి వెతికి చదువుతున్నాను. చదివినకొద్దీ నాకు గట్టిగా అనిపిస్తున్నది ఇదే: వాటి అసలు బలం పెద్దవాళ్ల చేత నోరు విప్పించడంలో ఉంది.

‘వాటర్‌క్రెస్’ సంగతే చూడండి. ఆండ్రియా వాంగ్ తన చిన్ననాటి జ్ఞాపకాన్ని రాస్తే, జేసన్ చిన్ నీటిరంగుల్లో బొమ్మలు వేశారు. 2021లో వచ్చింది. మరుసటి ఏడాది దానికి అమెరికాలో బొమ్మల పుస్తకాల చిత్రకారులకిచ్చే కాల్డెకాట్ పతకం దక్కింది. చైనా నుంచి వచ్చిన కుటుంబం ఒహాయోలో మొక్కజొన్న చేల మధ్య పాత కారులో వెళుతూ ఉంటుంది. అమ్మానాన్నలు ఉన్నట్టుండి కారు ఆపేస్తారు. రోడ్డు పక్క కాలవలో వాటర్‌క్రెస్ అనే ఆకుకూర గుబురుగా పెరిగి ఉంది. మన వైపు కాలవ గట్టున పొన్నగంటి కూర కనబడితే పాతతరం వాళ్ల చేతులు ఊరుకోవు కదా, సరిగ్గా అలాగే. పిల్లల్ని కూడా దింపి, ప్యాంట్లు మడత పెట్టించి, చల్లటి బురదనీళ్లలో కూర కోయిస్తారు. రోడ్డు మీద ఏదైనా కారు వెళితే చాలు, బళ్లో తెలిసినవాళ్లు చూస్తారేమోనని ఆ అమ్మాయి తల దించుకుంటుంది. రాత్రి ఆ కూర కంచంలోకి వస్తే ముట్టదు. కొట్లో డబ్బులిచ్చి కొన్న కూరలే తినాలని ఉంది ఆ పిల్లకి.

తల్లి కోప్పడదు. లోపలికి వెళ్లి ఒక పాత ఫొటో తెస్తుంది. చైనాలో 1959 నుంచి 1961 దాకా సాగిన మహా క్షామంలో తన ఇంట్లో ఏం జరిగిందో, ఆకలికి ఎవరు పోయారో, మొదటిసారి పిల్లల ముందు చెబుతుంది. చిత్రకారుడి ప్రతిభ కూడా చూడాలి. రెండు పేజీల మీద పరుచుకున్న ఒక బొమ్మలో ఎడమవైపున్న ఒహాయో మొక్కజొన్న కాడలు కుడివైపుకు వెళ్లేసరికి చైనా వెదురు పొద అయిపోతాయి. ఎక్కడ మొక్కజొన్న ఆగింది, ఎక్కడ వెదురు మొదలైంది అని వేలు పెట్టి చూపించలేం. తల్లి మనసులో రెండు దేశాల మధ్య గీత ఎక్కడుందో కూడా అలాగే చెప్పలేం. ఈ మాట పుస్తకంలో ఎక్కడా రాసిలేదు. ఏడేళ్ల పిల్లకి బొమ్మ చూస్తేనే అందుతుంది.

ఆ పుస్తకం మూసి పెట్టాక నాకు మన ఇళ్లే గుర్తొచ్చాయి. విదేశాల్లో స్థిరపడ్డ మనవాళ్లలో సంక్షేమ హాస్టల్లో పురుగులు ఏరుకుంటూ అన్నం తిన్నవాళ్లున్నారు. ఫీజు కోసం నాన్న ఎకరం అమ్మితే చదువుకున్నవాళ్లున్నారు. పిల్లలకు మాత్రం ఇవేవీ చెప్పరు. చెబితే చిన్నతనమనో, పసివాళ్లకెందుకులే అనో దాచేస్తారు. లేదంటే "మా రోజుల్లో మేం ఎంత కష్టపడ్డామో తెలుసా" అని మార్కులు తగ్గినప్పుడు దెప్పడానికి వాడుకుంటారు. దెప్పడం వేరు, చెప్పడం వేరు. ‘వాటర్‌క్రెస్’లో తల్లి చెప్పింది.

బావో ఫీ రాయగా థీ బూయ్ బొమ్మలు వేసిన ‘ఎ డిఫరెంట్ పాండ్’ (2017) కూడా ఈ కోవలోదే. వియత్నాం నుంచి అమెరికాకు కాందిశీకులుగా వచ్చిన కుటుంబంలో, తెల్లవారక ముందే తండ్రీ కొడుకులు చెరువుకు చేపలకు వెళతారు. సరదాకి కాదు, ఆ పూట కూరకి. తండ్రికి రెండో ఉద్యోగం దొరికింది, అయినా చాలడం లేదు. గాలం వేసి కూర్చున్న ఆ చీకట్లో తండ్రి, యుద్ధంలో పోయిన తన సోదరుడి గురించి రెండు మాటలు చెబుతాడు. అంతకు మించి చెప్పడు. ఆ రెండు మాటలకే పిల్లవాడికి తండ్రి కొత్తగా కనబడతాడు.

ఇక ఈ విషయం మీద వచ్చిన పుస్తకాలన్నిటిలో ఒక్కటే ఎంచుకోమంటే నేను షాన్ టాన్ ‘ది అరైవల్’ని ఎంచుకుంటాను. ఆయన ఆస్ట్రేలియా చిత్రకారుడు. ఆయన తండ్రి 1960లో మలేసియా నుంచి పశ్చిమ ఆస్ట్రేలియాకు వచ్చారు. 2006లో వచ్చిన ఈ పుస్తకం వంద పేజీలు దాటినా ఒక్క వాక్యం ఉండదు. పాత ఆల్బమ్‌లో రంగు మారిన ఫొటోల్లా అన్నీ గోధుమవన్నె బొమ్మలే. ఒక మనిషి భార్యనీ కూతుర్నీ వదిలి ఓడెక్కి ఒక వింత నగరానికి చేరతాడు. అక్కడి రాత ఏ భాషలోదీ కాదు, చిత్రకారుడు కల్పించింది. పళ్లు, పక్షులు, ఇంట్లో తిరిగే జంతువులు, అన్నీ మునుపెన్నడూ చూడనివే. గోడపత్రికలు అంటించే పని దొరికితే అన్నిటినీ తలకిందులుగా అంటిస్తాడు. చదవడం రాదు మరి! ఏ దేశపు పాఠకుడికైనా ఆ రాత అర్థం కాదు కాబట్టి, చదివేవాడు కూడా ఆ మనిషి పక్కనే తెల్లమొహం వేసుకుని నిలబడాల్సిందే. కొత్తగా వచ్చినవాడి దిక్కుతోచనితనం గురించి వంద వ్యాసాలు రాసినా ఇంత బాగా తెలియదు.

దీనివల్ల మరో మేలు కూడా ఉంది. మాటలే లేని పుస్తకాన్ని తెలుగు మాత్రమే వచ్చిన అమ్మమ్మా, ఇంగ్లీషు మాత్రమే బాగా వచ్చిన మనవడూ కలిసి చదవగలరు. మొన్న వేసవిలో మా బంధువుల ఇంట్లో ఇది నా కళ్లతో చూశాను. మొదటి పేజీల్లోనే మూసిన పెట్టె మీద భర్త చెయ్యి, దాని మీద భార్య చెయ్యి ఉన్న బొమ్మ ఒకటుంది. అమ్మమ్మ వేలు అక్కడ ఆగిపోయింది. "మీ అమ్మ వెళ్లేనాడూ ఇంతేరా నాన్నా" అని మొదలుపెట్టారు. శంషాబాద్ విమానాశ్రయంలో తూకానికి పెడితే పెట్టె ఇరవైమూడు కిలోలు దాటిందట. నేల మీదే పెట్టె విప్పి ఆవకాయ సీసా తీయాలా, పుస్తకాలు తీయాలా అని తల్లీకూతుళ్లు కొట్లాడుకున్నారట. చివరికి పుస్తకాలు తీసేశారట. "అమ్మ ఏడ్చిందా అమ్మమ్మా?" అన్నాడు వాడు. "లేదురా, లోపలికి వెళ్లేదాకా నవ్వుతూనే ఉంది. అందుకే నాకు భయమేసింది" అన్నారావిడ. ఆ కూతురు పక్కగదిలోనే ఉంది. ఇన్నేళ్లలో కొడుక్కి ఈ సంగతి ఆమె చెప్పలేదు.

ఇంత మెచ్చుకున్నాక, నాకు నచ్చనిదీ చెప్పాలి. వలస పిల్లల పుస్తకాలకు ఒక అచ్చు తయారైపోయింది. కొత్త బడి, పేరు పలకలేని టీచరు, డబ్బాలో తెచ్చుకున్న అన్నం వాసనకు ముక్కు మూసుకునే తోటిపిల్లలు, పాతికో పేజీలో దొరికే స్నేహితురాలు, ముప్పైరెండో పేజీలో చిరునవ్వు. ఈ దారి తొక్కినవాటిలో మంచివి లేవని కాదు. యాంగ్‌సూక్ చోయ్ ‘ది నేమ్ జార్’ (2001)లో కొరియా పిల్ల ఉన్‌హేకి వాళ్ల అవ్వ ఇచ్చిన చెక్క ముద్ర, దాని మీద చెక్కిన పేరు నాకెంతో ఇష్టం. కానీ అచ్చులో పోసిన పుస్తకాలు వరసగా చదివిన పిల్ల ఏమనుకుంటుంది? తనకింకా స్నేహితులు దొరకలేదంటే, తనకింకా అమ్మమ్మ మీద బెంగ తీరలేదంటే, తప్పు తనలోనే ఉందనుకోదూ? బెంగకు గడువు పెట్టే హక్కు ఏ రచయితకీ లేదు.

ఆ గడువు పెట్టని పుస్తకం అలెన్ సే ‘గ్రాండ్‌ఫాదర్స్ జర్నీ’. 1993లో వచ్చి 1994లో కాల్డెకాట్ పతకం అందుకుంది. యొకొహామాలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ సే తన తాతగారి కథ చెబుతారు. తాత కుర్రతనంలో ఓడెక్కి అమెరికా వెళతాడు, కాలిఫోర్నియా మీద మనసు పడతాడు. అక్కడుంటే జపాన్ మీద బెంగ. జపాన్ తిరిగొస్తే కాలిఫోర్నియా మీద బెంగ. మళ్లీ వెళ్లాలనుకుంటుండగా యుద్ధం వచ్చిపడుతుంది. వెళ్లకుండానే పోతాడు. పెద్దయ్యాక మనవడు అదే దారిలో వెళ్లి, అదే బెంగ పడతాడు. పసిపిల్లలకు ఇంత దిగులెందుకు అనేవాళ్లుంటారు. దిగులు ఇంట్లో ఎలాగూ ఉంది. ఫొటోలో ఉన్న తాతకీ తనకీ ఒకే జబ్బు అని తెలిస్తే పిల్లకి తోడు దొరికినట్టే.

మెక్సికో నుంచి 1994లో చంటిబిడ్డతో అమెరికా వచ్చిన యుయి మొరాలెస్ ‘డ్రీమర్స్’ (2018) గురించి ఒక్కమాట చెప్పకుండా ఉండలేను. ఇంగ్లీషు రాని ఆమె శాన్‌ఫ్రాన్సిస్కో ప్రజా గ్రంథాలయంలో కొడుకుతో పాటు తనూ బొమ్మల పుస్తకాలు చూస్తూ భాష నేర్చుకుంది, ఆపైన తనే అలాంటి పుస్తకాలు చేసే మనిషైంది. బొమ్మల పుస్తకం పిల్లల కోసమే అనుకునేవాళ్లు దీన్ని తప్పక చదవాలి.

మరి మన వలసల కథలు? మనవాళ్ల ప్రయాణాలు అమెరికాతో మొదలవలేదు. ఉత్తరాంధ్ర నుంచి, గోదావరి జిల్లాల నుంచి వేలమంది బర్మాలోని రంగం (రంగూన్) వెళ్లారు. 1942లో జపాన్ దాడికి బర్మా నుంచి పారిపోయి అడవుల వెంట నడిచొచ్చిన లక్షలాది భారతీయుల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. 1962లో అక్కడ సైనిక పాలన వచ్చాక ఇంకా ఎందరో తిరిగొచ్చారు. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఆ గుర్తుగానే ఉంది. ఆ నడక చూసినవాళ్లు ఇక కొద్దిమందే. ఆ కథ వాళ్ల నోటి నుంచి బొమ్మల్లోకి రావాలి, త్వరగా రావాలి.

అంతకన్నా తొందరగా రావలసింది మరొకటుంది. నేను చెప్పిన పుస్తకాలన్నీ ఊరు దాటి వెళ్లినవాళ్ల వైపు నుంచి చెప్పినవే. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో నాన్న దుబాయి పోతే ఇంటి దగ్గర మిగిలిన పిల్లలున్నారు. కడప వైపు, కోనసీమలో అమ్మ ఇంటిపనికి కువైట్ వెళితే అవ్వ దగ్గర పెరిగే పిల్లలున్నారు. ఆ అమ్మ అక్కడ మరొకరి పిల్లలకు తల దువ్వుతుంది. ఇక్కడ ఈ పిల్లకు అవ్వ దువ్వుతుంది. ఈ రెండు దువ్వెనలూ ఎదురెదురు పేజీల్లో వేసే చిత్రకారులు మనకు లేరా? ఉన్నారు. తెలుగులో పిల్లల పుస్తకాలు వేస్తున్న మంచి పుస్తకం, తూలిక, ప్రథమ్ బుక్స్ లాంటి సంస్థలూ ఉన్నాయి. ఇలాంటి పుస్తకానికి పూనుకునేవాళ్లు మాత్రం కథ ఇంట్లో కూర్చుని అల్లకూడదు. ముందు రాజంపేటకో రాయచోటికో బస్సెక్కి, ఆ పిల్లల ముందు తెల్లకాగితాలు పెట్టి, కువైట్ ఎలా ఉంటుందో వాళ్లనే గీయమనాలి. అమ్మ ఫోన్ చేసినప్పుడు ఆమె వెనకాల కనిపించే గోడ ఏ రంగులో ఉంటుందో కూడా వాళ్లనే అడగాలి.