బ్యాటరీ మార్చుటకు ముందు పరీక్ష

దుక్కి యదనున పాత ట్రాక్టరు స్టార్టు కాకున్నచో, రైతు వెంటనే యప్పుచేసి క్రొత్త బ్యాటరీ కొనుచున్నాడు. కొన్ని దినములకే యదియు దిగిపోవుచున్నది. చార్జి యందించు భాగములందు లోపముండగా బ్యాటరీని మార్చుట, కాలువ తెగియుండగా వేరొక చెరువు త్రవ్వించినట్లే యగును.

పరీక్ష కష్టమైనది కాదు. ఇంజను ఆపిన కొన్ని గంటలకు మీటరు పెట్టినచో, నిండిన 12 వోల్టుల బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. ఇంజను తిరుగునపుడు 13.8 మొదలు 14.4 వరకు పెరుగవలెను. పెరుగనిచో చార్జి యందుటలేదని గ్రహింపవలెను. అపుడు వదులైన బెల్టును, చిలుము పట్టిన టెర్మినళ్లను, ఎర్తు తీగను ముందుగా చూడవలెను. ఇవి బాగుగ నున్నచో డైనమో లేక ఆల్టర్నేటరును, రెగ్యులేటరును మెకానిక్కునకు చూపవలెను. 15 వోల్టులు మించినచో రెగ్యులేటరునే యనుమానింపవలెను. బ్యాటరీలోని నీరు త్వరగా నిగిరిపోవును. చార్జి సరిగా నందియు బ్యాటరీ నిలువకున్నచో మార్చుట న్యాయము.

ఇంజను నడచుచుండగా బ్యాటరీ తీగ నూడదీసి పరీక్షించు వాడుకను మానవలెను. దానివలన ఆల్టర్నేటరు చెడవచ్చును. టెర్మినళ్లను శుభ్రపరచునపుడు ఇంజను ఆపి, ఎర్తు తీగనే మొదట విప్పవలెను.

ప్రతి సంఘమును ఒక మీటరు కొని సభ్యులకు దాని వాడుక నేర్పవలెననియు, పరీక్ష కానిదే బ్యాటరీకి అప్పు మంజూరు చేయరాదనియు మా యభిప్రాయము. మీటరు వెల బ్యాటరీ వెలలో స్వల్పభాగమే. ఒక్క యనవసరపు అప్పు తప్పినను సంఘమునకు లాభమే, రైతునకు అదను దక్కును.