గురి కుదిరిన రోజు



ఈ నెల ఉత్తరం డర్బన్ నుంచి కాదు, అమెరికాలోని ట్రాయ్ నుంచి రాస్తున్నాను. ట్రాయ్ మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ నగరానికి ఉత్తరాన ఉన్న ఊరు. మా తమ్ముడు ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాడు. కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. మరదలిది గుంటూరు. వాళ్లకు ఒక్కతే కూతురు, పదహారేళ్లది. మా బడికి చలికాలం సెలవులు ఇవ్వగానే వాళ్లను చూడడానికి వచ్చాను. మనకు చలికాలమైతే వీళ్లకు ఎండాకాలం.

మామూలుగా నేను పండుగల గురించో, వంటల గురించో, మన అవ్వాతాతల మాటల గురించో రాస్తాను. ఈ నెల తుపాకి గురించి రాస్తున్నాను. కంగారు పడకండి. చివరిదాకా చదవండి.

వచ్చిన రెండో రోజు భోజనాల దగ్గర తమ్ముడు అన్నాడు: “అక్కా, వచ్చే వారం పిల్లకి జాతీయ పోటీ ఉంది. నువ్వూ రావాలి.”

“ఏం పోటీ? స్పెల్లింగా?” అని అడిగాను. ఇక్కడి మన పిల్లలు స్పెల్లింగ్ పోటీల్లో బాగా గెలుస్తారని విన్నాను.

“కాదు అత్తా, షూటింగ్. ఎయిర్ రైఫిల్” అంది మేనకోడలు.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

నా భయానికి కారణం ఉంది. మా నాన్నకు డర్బన్‌లో చిన్న కిరాణా కొట్టు ఉండేది. ఒక సాయంత్రం కొట్టు మూసే వేళ ఇద్దరు కుర్రాళ్లు తుపాకి పట్టుకుని లోపలికి వచ్చారు. నేను బియ్యం బస్తాల వెనక ఉన్నాను. తమ్ముడు బల్ల కింద ఉన్నాడు. డబ్బు తీసుకుని వాళ్లు వెళ్లిపోయారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ నాన్న మళ్లీ ఆ కొట్టు తలుపు తెరవలేదు. ఆ తర్వాత ఆయన నవ్వు కూడా మారిపోయింది.

పైగా నేను బడిపంతులమ్మను. ట్రాయ్‌కి ఉత్తరాన, ఇదే కౌంటీలో ఆక్స్‌ఫర్డ్ అనే ఊరు ఉంది. అక్కడి హైస్కూల్లో 2021 నవంబరు 30న పదిహేనేళ్ల విద్యార్థి తుపాకితో కాల్చితే నలుగురు పిల్లలు చనిపోయారు. 2024లో ఆ అబ్బాయి తల్లిదండ్రులకు కూడా జైలు శిక్ష పడింది. ఆ వార్త నేను డర్బన్‌లో, మా బడి స్టాఫ్ రూమ్‌లో చదివాను. ఆ రోజు తరగతిలోకి వెళ్లి పిల్లల తలలు లెక్కపెట్టుకున్నాను.

రాత్రి తమ్ముడితో ఒంటరిగా మాట్లాడాను. “నువ్వు కూడా ఆ సాయంత్రం అక్కడే ఉన్నావు కదరా. నీ కూతురి చేతికి తుపాకి ఎలా ఇచ్చావు? ఫోన్లో ఒక్కసారైనా చెప్పావా?”

“చెబితే తిడతావని చెప్పలేదు అక్కా” అన్నాడు. “నేను రెండేళ్లు వద్దన్నాను. తర్వాత ఒకసారి వెళ్లి చూశాను. నువ్వూ ఒకసారి చూడు. చూశాక ఎంత తిట్టినా పడతాను.”

తర్వాత నన్ను కిందికి తీసుకెళ్లి ఒక ఇనుప పెట్టె చూపించాడు. తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది, పిల్ల దగ్గర ఉండదు. పిల్లలున్న ఇంట్లో తుపాకులకు తాళం వేయాలని మిషిగన్‌లో 2024 ఫిబ్రవరి నుంచి చట్టం ఉంది. “చట్టం రాకముందు నుంచీ మా ఇంట్లో తాళమే” అన్నాడు.

పొద్దున మేనకోడలు కాఫీ తెచ్చి నా పక్కన కూర్చుంది. “అత్తా, భయంగా ఉంటే రావద్దు. వస్తే మాత్రం నాకు బాగుంటుంది” అంది. ఆ మాట తర్వాత రానని ఎలా అంటాను?

పోటీ జరిగేది పక్క రాష్ట్రం ఒహాయోలో, క్యాంప్ పెర్రీ అనే చోట. ట్రాయ్ నుంచి కారులో రెండు గంటలు. డెట్రాయిట్ దాటి, టొలీడో దాటి, ఈరీ సరస్సు ఒడ్డు వైపు తిరిగాం. దారిలో పొలాల మధ్య అణు విద్యుత్ కేంద్రం గోపురం ఆవిరి వదులుతూ కనిపించింది. మరదలు పులిహోర, పెరుగన్నం కట్టుకొచ్చింది. పిల్ల దారంతా కళ్లు మూసుకునే ఉంది. నిద్ర కాదు, మనసులోనే షూటింగ్ చేసుకుంటోందట.

క్యాంప్ పెర్రీ పాత సైనిక శిబిరం. అమెరికా జాతీయ షూటింగ్ పోటీలు 1903లో మొదలయ్యాయి. 1907లో ఇక్కడికి వచ్చాయి. పెద్ద తుపాకుల పోటీలు బయట, సరస్సు వైపు తిరిగి జరుగుతాయి. ఎయిర్ రైఫిల్ పోటీ మాత్రం లోపల, పెద్ద హాల్లో. ఆ హాలుకు గ్యారీ ఆండర్సన్ పేరు పెట్టారు. ఆయన 1964లోనూ 1968లోనూ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన షూటర్. ఒకేసారి ఎనభై మంది నిలబడి కాల్చేంత హాలు అది.

నేను చెవుల్లో దూది పెట్టుకుని వెళ్లాను. అవసరం లేకపోయింది. ఎయిర్ రైఫిల్‌లో మందుగుండు ఉండదు. గాలి ఒత్తిడితో పెల్లెట్ అనే చిన్న సీసపు గుండు బయటికి వస్తుంది. ఎవరో చిటికె వేసినట్టు ‘టప్’ మంటుంది. ఎనభై మంది కాలుస్తుంటే రేకుల మీద వాన మొదలైనట్టు వినిపించింది.

నన్ను ఆశ్చర్యపరిచింది ఆ హాల్లోని క్రమశిక్షణ. బడిలో ముప్పై ఏళ్లు పనిచేశాను, అంత నిశ్శబ్దంగా ఉన్న పిల్లలను చూడలేదు. నియమాలు నాకు అర్థమైనంత వరకు చెబుతాను. తుపాకి గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. కాల్చనప్పుడు గొట్టంలో ఈ చివర నుంచి ఆ చివరకు రంగు తీగ ఒకటి ఉండాలి. ఆ తీగ కనిపిస్తే లోపల గుండు లేదని అందరికీ తెలుస్తుంది. అధికారి చెప్పేదాకా ఎవరూ తుపాకిలో గుండు పెట్టకూడదు. ‘ఆపు’ అనగానే అందరూ ఆపాలి. చూసేవాళ్లం గీత వెనకే కూర్చోవాలి. కాల్చడం అయ్యాక చేతులు కడుక్కోకుండా ఏమీ తినకూడదు, ఎందుకంటే సీసం ఒంటికి మంచిది కాదు.

మా కొట్టులోకి వచ్చిన తుపాకి అటూ ఇటూ ఊగింది. నాన్న వైపు ఒకసారి, బియ్యం బస్తాల వైపు ఒకసారి. ఇక్కడ ఎనభై తుపాకులు ఒక్క దిక్కు మాత్రమే చూస్తున్నాయి. అది గమనించాక నా భుజాలు కొంచెం కిందికి దిగాయి.

పోటీ ఇలా ఉంటుంది. టార్గెట్ పది మీటర్ల దూరంలో ఉంటుంది. దాని మొత్తం వెడల్పు నాలుగున్నర సెంటీమీటర్లు మాత్రమే. మధ్యలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు, అంటే మీరు పెన్నుతో పెట్టే చుక్కంత. పిల్లలు మూడు రకాలుగా కాల్చాలి: బోర్లా పడుకుని, మోకాలి మీద కూర్చుని, నిలబడి. ఒక్కో దానిలో 20 గుళ్లు. ఒక్కో గుండుకు 10 పాయింట్లు. మొత్తం 600. ఎక్కువ పాయింట్లు వచ్చిన ఎనిమిది మంది ఫైనల్‌కి వెళతారు. గుండు ఎక్కడ తగిలిందో పక్కనే ఉన్న తెరమీద వెంటనే కనిపిస్తుంది.

మూడింటిలో నిలబడి కాల్చడమే కష్టం. గుండె కొట్టుకుంటే చాలు, గొట్టం కదులుతుంది. మేనకోడలు నిలబడి మొదలుపెట్టింది. తొమ్మిది, పది, తొమ్మిది, పది. నాకు లెక్క వచ్చేసింది. తర్వాత తెరమీద ఏడు పడింది. మరదలు నా చెయ్యి పట్టుకుంది. తర్వాతది ఎనిమిది.

అప్పుడు పిల్ల తుపాకి భుజం నుంచి దించింది. స్టాండు మీద ఆనించింది. కళ్లు మూసుకుని నిలబడింది. పక్కవాళ్లు కాలుస్తూనే ఉన్నారు. గడియారం నడుస్తూనే ఉంది. నాకైతే అరవాలనిపించింది. ఆమె తుపాకి ఎత్తింది, గురి చూసింది, కాల్చకుండానే మళ్లీ దించింది. మళ్లీ ఎత్తింది. మళ్లీ దించింది. మూడోసారి ఎత్తి కాల్చింది. పది.

కాల్చగలిగినప్పుడు కూడా కాల్చకుండా తుపాకి దించడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆ క్షణంలో నాకు మా నాన్న కొట్టు గుర్తొచ్చింది, కానీ భయం రాలేదు.

ఆమె ఫైనల్‌కి వెళ్లలేదు. కొంచెం ఏడ్చింది. చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి, సరస్సు ఒడ్డున చెట్టు కింద కూర్చుని, రెండు ప్లేట్ల పులిహోర తినేసింది. మరదలు ఆమెకు ఈషా సింగ్ కథ మళ్లీ చెప్పింది. ఈషా హైదరాబాద్ అమ్మాయి. 2018లో, పదమూడేళ్ల వయసులో, భారత జాతీయ పోటీల్లో పెద్దవాళ్లను ఓడించి ఎయిర్ పిస్టల్ బంగారు పతకం గెలిచింది. తర్వాత హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చుకుంది. హైదరాబాద్‌లోనే పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్‌లో కంచు పతకం గెలిచాడు. “ఆ ఈషా కూడా 2024లో ప్యారిస్ ఒలింపిక్స్‌లో ఫైనల్‌కి వెళ్లలేదమ్మా” అంది మరదలు. పిల్ల అప్పుడు నవ్వింది.

తిరుగు ప్రయాణంలో ఆమె అడిగింది: “అత్తా, అమ్మ ఎప్పుడూ ‘గురి చూసి కొట్టు’ అంటుంది. గురి అంటే టార్గెట్టేనా?”

ఇక పంతులమ్మ ఊరుకుంటుందా? నేను గుడిలో, చాప మీద కూర్చుని, పలక మీద నేర్చుకున్న తెలుగు ఇలాంటప్పుడే పనికొస్తుంది. కారులోనే పాఠం మొదలుపెట్టాను. మీరూ వినండి.

గురి అంటే మనం కొట్టాలనుకున్న చోటు. ‘గురి చూసింది’, ‘గురి తప్పింది’ అంటాం.

గురి అంటే నమ్మకం కూడా. మా అవ్వకు మా వీధి డాక్టరంటే మహా గురి. ఆయన చెయ్యి పట్టుకుంటే చాలు, సగం జ్వరం పోయిందనేది. ఒకరి మీద నమ్మకం కలిగితే ‘గురి కుదిరింది’ అంటాం.

మూడోది ‘గురి కావడం’. మనకు ఏదైనా చెడు జరిగితే దానికి గురయ్యామంటాం. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది. మనవాళ్లు ఐదేళ్ల ఒప్పందం మీద, నెలకు పది షిల్లింగుల జీతానికి చెరకు తోటల్లో దిగారు. చాలామంది మోసానికి గురయ్యారు, దెబ్బలకు గురయ్యారు. మా నాన్న దోపిడీకి గురయ్యాడు.

రోజూ మనం వాడే ‘గురించి’ అనే మాట కూడా ఈ కుటుంబంలోదే. దేని వైపు మన మాట చూస్తోందో దాని ‘గురించి’ మాట్లాడుతున్నాం.

పిల్ల కాసేపు ఆలోచించింది. “అయితే అత్తా, తాతయ్య తుపాకికి గురయ్యాడు. నేను తుపాకితో గురి చూస్తున్నాను. నీకు నా మీద గురి ఉందా?” అంది.

తమ్ముడు అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు.

“తుపాకి మీద లేదు. నా ఇంట్లో దాన్ని ఎప్పటికీ పెట్టను. నీ మీద మాత్రం ఉంది. నువ్వు మూడుసార్లు ఎత్తి రెండుసార్లు దించావు చూడు, అప్పుడు కుదిరింది” అన్నాను.

నా అభిప్రాయం మొత్తం మారిందని అనుకోకండి. ఆక్స్‌ఫర్డ్ పిల్లలను నేను మరచిపోలేదు. తుపాకి తాళంలో ఉండాలి, ఆ తాళంచెవి పెద్దవాళ్ల దగ్గర ఉండాలి. కానీ మనకు నచ్చని దారిలో మన పిల్లలు నడుస్తుంటే, తిట్టేముందు ఒక రోజు వెళ్లి చూడడం మంచిది. తమ్ముడిని నేను ఇంకా తిట్టలేదు. అతను ఎదురు చూస్తున్నాడు.

ఈ నెల మాటలు:
గురి – కొట్టాల్సిన చోటు; నమ్మకం.
గురి కుదరడం – నమ్మకం కలగడం.
గురి తప్పడం – అనుకున్న చోట తగలకపోవడం.
గురి కావడం – ఏదైనా చెడు మనకు జరగడం.
బోర్లా – పొట్ట నేలకు ఆనేలా.
మేనకోడలు – ఆడవాళ్లకు అన్నదమ్ముల కూతురు.

ఈ నెల పని: ‘గురి’తో మూడు వాక్యాలు రాయండి, మూడింటిలో మూడు అర్థాలు ఉండాలి. మీ ఇంట్లో ఎవరంటే ఎవరికి గురో అడిగి, అది కూడా రాసి పంపండి. తప్పులున్నా ఫరవాలేదు. ఏడు పడితేనేం, తర్వాత పది పడుతుంది.

వచ్చే నెల మళ్లీ డర్బన్ నుంచి కలుద్దాం.